నూనెకు నీళ్లంటే పగ లేదు

గడ్డకట్టిన నెయ్యి గరిటెడు తీసి మరిగే నీళ్లలో వేస్తే క్షణాల్లో కరుగుతుంది. అయినా నీళ్లలో కరగదు. రెండు మాటలూ నిజమే. తెలుగులో 'కరగడం' అనే ఒక్క మాట రెండు పనులు చేస్తోంది. మంచు కరిగింది, వెన్న కరిగింది అన్నప్పుడు గట్టిగా ఉన్నది ద్రవమైంది. చక్కెర కరిగింది, ఉప్పు కరిగింది అన్నప్పుడు ఒక పదార్థం ఇంకోదాంట్లో అణువు అణువుగా విడిపోయి కలిసిపోయింది. పాఠ్యపుస్తకాలు మొదటిదాన్ని ద్రవీభవనం కింద, రెండోదాన్ని ద్రావణీయత కింద వేరు చేసి చెబుతాయి గానీ ఆ మాటలు పరీక్ష హాలు దాటి బయటికి రావు. హోటళ్లలో గిన్నెలు తోమేవాళ్లకు మాత్రం ఈ తేడా రోజూ చేతికి తగులుతుంది. బిర్యానీ హండీకి పట్టిన డాల్డాను వేడినీళ్లు కరిగిస్తాయి కానీ వదిలించలేవు. నీళ్లు చల్లారగానే అది అంచు చుట్టూ తెల్లటి పట్టీలా మళ్లీ పేరుకుంటుంది.

నూనె నీళ్లలో ఎందుకు కరగదని అడిగితే ముందుగా వచ్చే జవాబు 'తేలిక కాబట్టి'. తేలిక కాబట్టి తేలుతుంది, అంతే. కరగకపోవడానికి అది కారణం కాదు. లీటరు వంటనూనె సుమారు 920 గ్రాములు తూగుతుంది. మద్యంలో ఉండే ఇథనాల్ ఇంకా తేలిక, లీటరుకు సుమారు 790 గ్రాములు. అయినా అది నీళ్లతో ఏ పాళ్లలోనైనా కలిసిపోతుంది. క్లోరోఫామ్ నీటికి దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. అది అడుక్కి దిగి, అక్కడ విడిగా పొర కట్టుకుని కూర్చుంటుంది. పైన ఉండాలా కింద ఉండాలా అన్నది బరువు తేలుస్తుంది. కలవాలా వద్దా అన్నది వేరే పంచాయతీ.

రెండో జవాబు ఇంటర్ కెమిస్ట్రీ చదివినవాళ్లది. నీరు ధ్రువ పదార్థం, నూనె అధ్రువ పదార్థం, సజాతి సజాతిలోనే కరుగుతుంది అని. నీటి అణువు తిన్నగా ఉండదు. ఆక్సిజన్‌కు అటూ ఇటూ ఉన్న రెండు హైడ్రోజన్లు 104.5 డిగ్రీల కోణంలో వంగి ఉంటాయి. ఆక్సిజన్ వైపు కాస్త రుణావేశం, హైడ్రోజన్ల వైపు కాస్త ధనావేశం. నూనె అణువులో ఎక్కువ భాగం కార్బన్, హైడ్రోజన్ల పొడవాటి గొలుసులు, వాటిలో అలాంటి రెండు కొసలు లేవు. ఇదంతా సరైనదే. కానీ 'సజాతి' అన్నది గుర్తుపెట్టుకోవడానికి పనికొచ్చే సూత్రం మాత్రమే, కారణం కాదు. పైగా అది మనసులో ఒక తప్పుడు బొమ్మ గీస్తుంది. నూనె నీటిని చూసి దూరం జరుగుతున్నట్టు, రెంటికీ పాత పగ ఏదో ఉన్నట్టు. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు కూడా ఆ బొమ్మకే రంగులద్దింది. హైడ్రోఫోబిక్ అంటే నీటి భయం కలిగినది అని అర్థం. పిచ్చికుక్క కరిచి రేబిస్ వచ్చినవాళ్లలో కనిపించే నీటి భయానికి కూడా ఇదే పేరు. తెలుగు పుస్తకాలు దాన్ని 'జలవిరోధి' చేశాయి. భయమైనా విరోధమైనా అక్కడ లేనిదే.

లేదనడానికి సాక్ష్యం కావాలంటే నూనె చుక్కను శుభ్రమైన నీటి మీద వేసి చూడటమే. పగే ఉంటే ఆ చుక్క ముడుచుకుని గుండ్రంగా, వీలైనంత తక్కువ చోటులో నిలబడాలి. జరిగేది అందుకు పూర్తిగా వ్యతిరేకం. వేసవి తర్వాత మొదటి వాన పడ్డప్పుడు హైదరాబాద్ రోడ్ల మీద, ముఖ్యంగా బస్టాపుల దగ్గరా ఆటోలు ఆగే చోటా, నీటి మడుగుల్లో ఇంద్రధనుస్సు రంగులు తిరుగుతుంటాయి. నెలల తరబడి బండ్ల నుంచి కారిన ఆయిల్ అది. వెలుగు తరంగాల పొడవుతో పోల్చదగినంత పల్చటి పొరగా నీటి మీద పరుచుకుంటేనే ఆ రంగులు వస్తాయి. (అదే పొర టూ వీలర్లను జారవేస్తుంది కూడా.) బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండన్ దగ్గర క్లాఫమ్‌లోని ఒక చెరువులో చెంచాకు మించని నూనె పోసి, అది దాదాపు అర ఎకరం మేర పరుచుకుని అలలను అణచేయడం చూశాడు. ఆ సంగతి 1774లో రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. చెంచా అంటే 5 మిల్లీలీటర్లు అనుకుని ఇప్పుడు లెక్క వేస్తే ఆ పొర మందం రెండున్నర నానోమీటర్లు తేలుతుంది. అంటే ఒక్క అణువు మందం. ప్రతి నూనె అణువూ నీటిని తాకడానికి చోటు వెతుక్కున్నట్టే. పగవాళ్లు అలా చేయరు.

నూనె అణువుకూ నీటి అణువుకూ మధ్య ఆకర్షణ ఉంది. అదేమంత బలహీనమైనదీ కాదు, నూనెకూ నూనెకూ మధ్య ఉన్నదానితో సరితూగేదే. మరి అడ్డం ఎక్కడ? నీటికీ నీటికీ మధ్య ఉన్న బంధంలో.

కోలాటం ఆడేవాళ్లను ఊహించుకుంటే ఇది తేలిగ్గా పట్టుబడుతుంది. చేతుల్లో కోలలు, ఇటువైపు జోడీతో ఒక దెబ్బ, అటువైపు జోడీతో ఒక దెబ్బ, వెంటనే జోడీ మారడం. నీటి అణువుకు అలాంటి కోలలు నాలుగు. రెండు హైడ్రోజన్లు ఇచ్చేవి, ఆక్సిజన్ మీద రెండు చోట్లు పుచ్చుకునేవి. వీటితో పక్క అణువులతో కట్టుకునే హైడ్రోజన్ బంధాలు సెకనులో లక్ష కోట్లవ వంతు లెక్కన తెగి మళ్లీ వేరే జోడీతో ముడిపడుతుంటాయి. ద్రవంగా ఉన్న నీటి స్వభావమంతా ఈ నిలకడ లేని ఆటలోనే ఉంది. ఎవరు ఎటు తిరిగినా ఒక కోల ఎదురొస్తుంది.

ఈ ఆట మధ్యలోకి కోలలు లేని మనిషి ఒకడు వచ్చి నిలబడ్డాడనుకోండి. అతను ఎవర్నీ నెట్టడం లేదు, ఎవరికీ ఇష్టం లేనివాడూ కాదు. కానీ అతని పక్కన ఉన్నవాళ్లకు ఒక చిక్కు వచ్చిపడింది. అతని వైపు తిరిగితే దెబ్బ గాలిలో పోతుంది. కాబట్టి వాళ్లు అతని వైపు తిరగకుండా, మిగతా దిక్కుల్లోనే జోడీలు వెతుక్కోవాలి. ఆట ఆగదు, దెబ్బలూ పెద్దగా తగ్గవు. తగ్గేది స్వేచ్ఛ. ఇంతకు ముందు ఏ దిక్కుకైనా తిరగగలిగినవాళ్లు ఇప్పుడు కొన్ని దిక్కులకే కట్టుబడ్డారు. నీటిలో నూనె అణువు చుట్టూ జరిగేది ఇదే. గది వేడిమి దగ్గర హెక్సేన్ లాంటి, నూనె స్వభావం ఉన్న చిన్న అణువును నీటిలో పెడితే శక్తి లెక్కలో దాదాపు నష్టం ఉండదు, కొన్నిసార్లు కాస్త వేడి బయటికి వస్తుంది కూడా. నష్టమంతా ఎంట్రోపీలోనే, అంటే నీటి అణువులు తిరగగలిగే తీరుల సంఖ్య తగ్గిపోవడంలోనే.

ఇప్పుడు కోలలు లేనివాళ్లు పదిమంది ఉన్నారనుకుందాం. విడివిడిగా చెదిరి ఉంటే పదిమంది చుట్టూ ఉన్న ఆటగాళ్లందరికీ ఇబ్బందే. వాళ్లంతా ఒకచోట గుంపుగా నిలబడితే గుంపు అంచున ఉన్న ఆటగాళ్లకే ఇబ్బంది, మిగతావాళ్లు మళ్లీ తమ ఆటలో పడిపోతారు. ఆ పదిమందిని దగ్గరికి చేర్చింది వాళ్ల మధ్య స్నేహం కాదు, చుట్టూ ఉన్న ఆట. పప్పుచారు మీది నూనె చుక్కలు గరిటె తగిలి ఒకదాన్నొకటి కలుపుకుని పెద్దవవడం వెనక ఉన్నది ఇదే. తామరాకు మీద నీటిబొట్టు సంగతీ ఇంతే. ఆకు మీది మైనం, కంటికి కనిపించని బుడిపెలు నీటికి పట్టుకోవడానికి ఏమీ ఇవ్వవు. నీరు తనను తాను పట్టుకుని గుండ్రమవుతుంది. ఆకు దాన్ని తోసేయడం లేదు.

1945లో ఫ్రాంక్, ఎవాన్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ ఎంట్రోపీ నష్టాన్ని వివరించడానికి నూనె అణువు చుట్టూ నీరు మంచుగడ్డలా బిగుసుకుంటుందని రాశారు. తర్వాతి పరిశోధన ఆ బొమ్మ మరీ గట్టిగా గీసినదని చూపింది. నిజం మంచు ఏదీ అక్కడ ఏర్పడదు. కానీ లెక్క నిలిచింది. 1959లో కాజ్‌మన్ అనే శాస్త్రవేత్త అదే లెక్కను ప్రోటీన్లకు అన్వయించాక జీవశాస్త్రం మీద దాని పట్టు తెలిసింది. ప్రోటీన్ గొలుసులో నూనె స్వభావం ఉన్న భాగాలు నీటికి ఎదురుపడకుండా లోపలికి మడుచుకుంటాయి, ప్రోటీన్ ఆకారానికి ఆ మడతే ముఖ్య కారణం. మడత విప్పుకుంటే ఆ భాగాలు బయటపడి పక్క ప్రోటీన్లతో అతుక్కుపోతాయి. ఉడికిన గుడ్డులో తెల్లసొన గట్టిపడేది అందుకే. కంటి కటకంలో అలా జరిగితే శుక్లం అవుతుంది. ఆ అతుకును అడ్డుకునే ఆల్ఫా క్రిస్టలిన్ అనే ప్రోటీన్ మీద హైదరాబాద్ హబ్సిగూడలోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో ఏళ్ల తరబడి పని జరిగింది.

కరగడం, కరగకపోవడం అన్నవి గోడకు అటూ ఇటూ ఉన్న రెండు గదులు కావు. మధ్యలో మెట్లున్నాయి. ఆల్కహాల్‌లన్నింటికీ ఒక కొసన నీటితో చెయ్యి కలపగల ఓహెచ్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) ఉంటుంది, రెండో కొసన కార్బన్ గొలుసు. ఒకటి, రెండు, మూడు కార్బన్ల దాకా అవి నీటితో ఎంతైనా కలుస్తాయి. నాలుగు కార్బన్ల బ్యూటనాల్ లీటరు నీటికి 70 గ్రాముల పైచిలుకు దగ్గర ఆగిపోతుంది. ఆరు కార్బన్ల హెక్సనాల్ 6 గ్రాములు. ఎనిమిది కార్బన్ల ఆక్టనాల్ అర గ్రాము. ఒక్కో కార్బన్ పెరిగినప్పుడల్లా కరిగేది మూడు నాలుగు రెట్లు పడిపోతోంది. గొలుసు పొడవైతే ఆటకు అడ్డం నిలిచేవాళ్లు పెరిగినట్టే. ఆ కొసన ఉన్న ఒక్క చెయ్యి ఎంతమందికని సర్ది చెబుతుంది? పెట్రోల్‌లో 20 శాతం కలుపుతున్న ఇథనాల్ రెండు వైపులా పొత్తు కుదిరే రకం. పెట్రోల్‌తోనూ కలుస్తుంది, నీళ్లతోనూ కలుస్తుంది. ట్యాంకులోకి నీళ్లు కొద్దిగా చేరితే మోస్తుంది. మోతాదు మించితే పెట్రోల్‌ను వదిలేసి నీళ్లతో కలిసి ట్యాంకు అడుక్కి దిగిపోతుంది.

ఆ మెట్లలో చివర చెప్పిన ఆక్టనాల్‌కు హైదరాబాద్‌తో ఒక ముడి ఉంది. 1961లో మొదలైన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ కాలం నుంచి నేటి జీనోమ్ వ్యాలీ దాకా ఈ ఊరి పెద్ద పరిశ్రమల్లో మందుల తయారీ ఒకటి. ఆ లేబరేటరీల్లో ఏ కొత్త అణువు తయారైనా అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, ఆక్టనాల్, నీరు పక్కపక్కనే ఉంటే అది దేనిలోకి ఎంత పోతుంది అని. శరీరంలో కణాల పొరలు కొవ్వుతో కట్టినవి, వాటికి ఆక్టనాల్‌ను నమూనాగా తీసుకుంటారు. మందు నీళ్లలో అసలు కరగకపోతే కడుపులోనే ముద్దగా ఉండి బయటికి పోతుంది. నీళ్లలో మాత్రమే కరిగితే పేగు గోడ దాటలేదు. మందుకు రెండు పడవల మీదా కాలు పెట్టక తప్పదు. మాత్రల స్ట్రిప్ మీద మందు పేరు పక్కన తోకలా ఉండే రెండో మాట సాధారణంగా ఎవరూ చదవరు. డైక్లోఫెనాక్ సోడియం, మెట్‌ఫార్మిన్ హైడ్రోక్లోరైడ్, అమ్లోడిపిన్ బెసిలేట్. నొప్పిని తగ్గించేది డైక్లోఫెనాకే, సోడియం కాదు. ఆ లవణ రూపంలో ఆవేశం ఉంటుంది కాబట్టి నీళ్లకు పట్టుకోవడానికి ఒక పిడి దొరుకుతుంది. విటమిన్ డి పొడి ప్యాకెట్‌ను పాలలో కలుపుకుని తాగమనడం దీనికి రెండో వైపు. అది కొవ్వులో కరిగేది, కాస్త కొవ్వు తోడుంటే ఒంటికి బాగా పడుతుంది.

వంటింట్లో ఈ శాస్త్రం పేరు పోపు. పసుపులోని కర్క్యుమిన్, మిరపలోని కారం, ఇంగువ ఘాటు, ఇవన్నీ నూనెలో దిగుతాయి గానీ నీళ్లలో పెద్దగా దిగవు. మిర్చీ కా సాలన్‌లో పైన తేలే ఎర్రటి నూనెలోనే రంగూ కారమూ చాలామటుకు ఉంటాయి. బిర్యానీ తిని నోరు మండినప్పుడు గ్లాసుల కొద్దీ నీళ్లు తాగినా మంట తగ్గదు, ఎందుకంటే కారాన్నిచ్చే క్యాప్సైసిన్‌ను నీళ్లు కడగలేవు. ప్లేటు పక్కన పెట్టే పెరుగు చట్నీ మర్యాద కోసం పెట్టేది కాదు. పాలలోని కేసీన్ ప్రోటీన్‌కు నూనెతో కుదిరే భాగాలున్నాయి, క్యాప్సైసిన్‌ను అది పట్టుకుపోతుంది.

పాలు అనగానే ఒక సందేహం రావాలి. పాలలో కొవ్వు నీళ్లలో కరిగినట్టే కనిపిస్తుంది కదా! కరగలేదు. మైక్రాన్ల పరిమాణంలో బొట్లుగా విడిపోయి, ఒక్కో బొట్టు చుట్టూ పల్చటి పొర కప్పుకుని తేలుతోంది. దాన్నే ఎమల్షన్ అంటారు. ఆ బొట్లూ కేసీన్ రేణువులూ వెలుగును చెదరగొట్టడం వల్లే పాలు తెలుపు. నిజంగా కరిగినది వెలుగును అలా చెదరగొట్టదు, అందుకే చక్కెర నీళ్లు తేటగా ఉంటాయి. చల్ల చిలకడమంటే ఆ పొరలను చితక్కొట్టి కొవ్వు బొట్లు ఒకదాన్నొకటి కలుసుకునేలా చేయడమే. ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచి తీశాక పైన మిణుకుమనే చిన్న చిన్న వృత్తాలు మాత్రం ఆ పొర లేని కొవ్వువి. షవర్మాలో వేసే మయొనైజ్‌లో బొట్ల చుట్టూ పొరలా నిలిచి కాపలా పని చేసేది గుడ్డు సొనలోని లెసిథిన్. 2024 అక్టోబరు చివర్లో తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయొనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. కారణం బ్యాక్టీరియా, అది వేరే విషయం. కానీ గుడ్డు లేకుండా చేసేవాళ్లు సోయా ప్రోటీనో పాల ప్రోటీనో వెతుక్కోవాల్సిందే, కాపలా లేకుండా నూనె నీళ్లలో నిలవదు. స్నానాల బకెట్లో డెట్టాల్ పోస్తే తెల్లగా విరుచుకోవడం కూడా ఇదే కథ, తలకిందులుగా. సీసాలో ఉన్నంతసేపు ఆల్కహాల్, సబ్బు కలిసి అందులోని నూనెను తేటగా పట్టి ఉంచాయి. బకెట్ నీళ్లలో అవి పల్చబడగానే పట్టు సడలి నూనె కోట్లాది సూక్ష్మ బిందువులై బయటపడింది.

సబ్బు అణువుకు ఒక కొస నీటిది, ఒక కొస నూనెది. కుంకుడుకాయలోని సపోనిన్లదీ అదే పద్ధతి. పదుల సంఖ్యలో సబ్బు అణువులు తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టి గుండ్రంగా చేరతాయి, జిడ్డు ఆ తోకల మధ్య దాక్కుంటుంది. నూనె మారలేదు, దాని చుట్టూ కోలలు పట్టుకున్న మనుషుల వరస ఒకటి నిలబడింది, అంతే. కానీ ఇది మంజీరా నీళ్లతో సాగినంత సాఫీగా బోరు నీళ్లతో సాగదు. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బు తలలను పట్టుకుని, నీళ్లలో కరగని తెట్టుగా మారుస్తాయి. బకెట్ అంచున పట్టే బూడిద రంగు గీత అదే.

ఇక్కడ కథ మలుపు తిరుగుతుంది. ఆ తెట్టు, అంటే కాల్షియం సబ్బు, కరగనిది నీటి ఆట చెడుతుందని మాత్రమే కాదు. ఆవేశం ఉన్న పదార్థాల్లో కరగకపోవడానికి ఇంకో కారణం ఉంది, అది 'సజాతి సజాతిలో' సూత్రాన్ని కాదని నిలబడుతుంది. ఉప్పూ సున్నపురాయీ రెండూ అయాన్లతో, అంటే విద్యుదావేశం ఉన్న కణాలతో, కట్టినవే. నూరు గ్రాముల నీళ్లలో ఉప్పు 36 గ్రాములు కరుగుతుంది. సున్నపురాయి లీటరు శుద్ధ జలంలో 15 మిల్లీగ్రాములు దాటదు. 58 గ్రాముల ఉప్పు స్ఫటికాలను అయాన్లుగా ఊడదీయడానికి దాదాపు 787 కిలోజౌళ్ల శక్తి కావాలి, నీటి అణువులు ఆ అయాన్ల చుట్టూ మూగినప్పుడు కేవలం 4 తక్కువగా అంతా తిరిగి వస్తుంది. అంత పెద్ద బేరంలో మిగిలిన తేడా నాలుగు. అయాన్లు చెదిరిపోవడం వల్ల వచ్చే ఎంట్రోపీ లాభం ఆ నాలుగును కప్పేస్తుంది. మరిగే నీళ్లలో కూడా ఉప్పు 39 గ్రాములు మించి కరగకపోవడం ఈ చిన్న తేడా ఫలితమే. సున్నపురాయిలో రెండు వైపులా ఆవేశం రెట్టింపు, కాబట్టి అదే దూరంలో పట్టు నాలుగు రెట్లు. నీళ్లు ఎంత లాగినా ఆ పిడికిలి విడదు. నూనె కరగనిది నీరు తనను తాను వదలక, సున్నపురాయి కరగనిది రాయి తనను తాను వదలక.

1591 నాటి చార్మినార్ మీది గచ్చు ఇన్ని వానలకు నిలిచింది ఆ పిడికిలి వల్లే. తడి సున్నం నీళ్లలో కాస్తో కూస్తో కరిగేదే, అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని సున్నపురాయిగా, అంటే కాల్షియం కార్బొనేట్‌గా, మారింది. ఆ కట్టడం చుట్టూ దుకాణాల్లో అమ్మే ముత్యాలు కూడా చాలామటుకు అదే కాల్షియం కార్బొనేట్. నిమ్మరసం తగిలితే మాత్రం రెండూ చెడతాయి. బోరు నీళ్లు భూమిలోని కార్బన్ డయాక్సైడ్ సాయంతో ఈ సున్నాన్నే బైకార్బొనేట్‌గా మోసుకొస్తాయి, గీజర్‌లో వేడెక్కగానే ఆ గ్యాస్ పోయి సున్నం కాయిల్ మీద పొరలుగా దిగుతుంది. వేడి చేస్తే ఎక్కువ కరుగుతుందన్న నమ్మకానికి ఇది ఇంటింటా ఉన్న ఎదురుసాక్ష్యం.

ఇక వినాయక నిమజ్జనం. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ విగ్రహం హుస్సేన్‌సాగర్‌లో కరగదనీ మట్టి విగ్రహం కరుగుతుందనీ ఏటా చెబుతారు. ఖైరతాబాద్ మహాగణపతిని కూడా 2022 నుంచి మట్టితోనే చేస్తున్నారు. మంచి పనే, కానీ వాడుతున్న మాట మాత్రం తలకిందులు. గట్టిపడిన ప్లాస్టర్ అంటే జిప్సం, అది లీటరుకు రెండు గ్రాముల పైన కరుగుతుంది. కాగితం మీద లెక్కేస్తే పది కిలోల విగ్రహానికి 5,000 లీటర్ల ట్యాంకర్ ఒక్కటి చాలు. అసలు చిక్కు అది ఒకే గట్టి ముద్దగా, పైన నీళ్లు దిగని రంగుల తొడుగుతో ఉండటం. అప్పటికే కాల్షియం, సల్ఫేట్ ఉన్న చెరువు నీళ్లు దాన్ని ఇంకా నెమ్మదిగా తీసుకుంటాయి. బంకమట్టి మాత్రం నీళ్లలో కరగనే కరగదు. దాని పలకల మధ్యకు నీరు దూరి, ఉబ్బించి, విడగొడుతుంది. అది విరిగిపోవడం, కరగడం కాదు. తెలుగులో 'కరగడం' మోస్తున్న మూడో అర్థం ఇది. రెండు గ్లాసుల నీళ్లలో చెరో చిటికెడు, ఒకదాంట్లో మట్టి, ఒకదాంట్లో గట్టిపడిన ప్లాస్టర్ పొడి వేసి కలిపి వదిలేస్తే చాలు. ప్లాస్టర్ గ్లాసు త్వరగానే తేటబడుతుంది. మట్టి గ్లాసు రెండు మూడు రోజులు మురికిగానే ఉండి తర్వాత తేరుకుంటుంది, మట్టి అంతా అడుగున ఉంటుంది. పైనుంచి తేట నీళ్లు వంచి రెండు పళ్లేల్లో పోసి ఎండలో పెడితే, సాయంత్రానికి తెల్లటి పొర మిగిలేది ప్లాస్టర్ పళ్లెంలో.